ఈశాన్యంలో పొయ్యి

"ఈశాన్యంలో కట్టెల పొయ్యి పెట్టి బాగుపడిన ఇల్లు ఒకటి చూపియ్ గౌరీ. నేనే పోయి కట్టెలు మోసుకొస్తా!"

బదరీనారాయణ గొంతు మేడ దిగి వీధిలోకి వినబడింది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో ఇన్నేళ్లూ గిరాకీలతో మెత్తగా మాట్లాడి మాట్లాడి, ఆయనకు అరవడం చేతకాకుండా పోయింది. అరిస్తే గొంతు కీచుమంటుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే కోపం ఇంకాస్త పెరిగింది.

గౌరీ కొత్త చెక్క గది గుమ్మంలో కూర్చుని ఉంది. లేవలేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఒకసారి చతికిలబడితే తొందరగా లేవదు, నిజమే. కానీ ఈ కూర్చోవడం మోకాళ్ల వల్ల కాదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

మూడో మనిషి ఆరిఫ్. పక్కింటి షాహీదాబీ కొడుకు. కువైట్‌లో ఇలాంటి గదులు కట్టే పని చేసి, ఈమధ్యనే ఊరికొచ్చి సొంతంగా మొదలుపెట్టాడు. ఇద్దరి మధ్యా గొంతుక్కూర్చుని, ఇదివరకే కొలిచిన గోడను మళ్లీ టేపు పెట్టి కొలుస్తున్నాడు పాపం.

ఆ గదిని సౌనా అంటారట. లోపల పొయ్యి రాజేసి, దాని మీద రాళ్లు వేడెక్కించి, చెంబెడు నీళ్లు చల్లి, ఒళ్లంతా చెమటలు పట్టేదాకా చెక్క బల్ల మీద కూర్చోవాలి. ప్రొద్దుటూరులో ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం నడిబజార్లో నిలబడితే ఇంతకంటే బాగా పడతాయి కదా అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అన్నారు. ఎవరికి వాళ్లు ఆ మాట తమకే తట్టినట్టు నవ్వారు. గౌరీ అందరికీ కాఫీ ఇచ్చి, తనూ నవ్వింది. ఆమె మోకాళ్లకు ఏప్రిల్‌తో బాధ లేదు. బాధంతా ఈ మార్గశిరం చలితో. పొడి వేడి మంచిదని కడపలో డాక్టరు చెప్పాక, మొగుడే ముచ్చటపడి ఈ గది మొదలుపెట్టించాడు.

అంతా అయింది. మిగిలింది పొయ్యి ఒక్కటే.

"మామా, నేను ఈ పొద్దు మధ్యాన్నానికంతా చెప్పాల," అన్నాడు ఆరిఫ్. "పొయ్యి బెంగుళూరు నుంచి రావాల గదా. కట్టెలదైతే గోడకు తూటు కొట్టి పొగగొట్టం పెట్టాల. కరెంటుదైతే తూటు పనిలే, లైను లాగితే సాలు. రెండూ మంచివే. మీ ఇష్టం."

"కరెంటుదే," అన్నాడు బదరీనారాయణ.

"కట్టెలదే," అంది గౌరీ.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. ఈ ఇంట్లో ఆలుమగలిద్దరి నోళ్లూ కలిసి కదిలి ఎన్నాళ్లయిందో.

అసలు తప్పు మొదట్లోనే జరిగింది. గోడకు మేకు కొట్టాలన్నా రాజుపాలెం సిద్ధాంతిని అడిగే ఇల్లు అది. ఈ గదికీ అడిగారు. సౌనా అంటే ఆయనకేం తెలుస్తుందని, "స్వామీ, మేడ మీద స్నానాల గదొకటి కట్టిస్తాండాం, యాడ మంచిది?" అన్నాడు బదరీనారాయణ. నీళ్ల వ్యవహారం కాబట్టి ఈశాన్యం భేషని ఆయన చెప్పాడు. అందులో నీళ్లు చెంబెడని, మిగతాదంతా నిప్పేనని ఎవరూ చెప్పలేదు. ఈశాన్యం మూలలో బల్లలు, తలుపు, పైకప్పు అన్నీ బిగిసిపోయాక గానీ ఎవరికీ గుర్తు రాలేదు.

"ఇంకోతూరి అడుగుదాం. నువ్వే ఇను," అంటూ ఆయన సిద్ధాంతికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాడు.

"కట్టె మండితే అది అగ్ని శెట్టిగారూ. ఈశాన్యంలో అగ్ని కూడదు," అంది ఫోను.

"కరెంటుదైతే స్వామీ?"

"కరెంటంటే... మంట కనపడదు గదా. దోషం లేదులే."

బదరీనారాయణ పెళ్లాం వైపు చూశాడు. అంగట్లో బేరం కుదిరినప్పుడు చూసే చూపు అది.

"స్వామీ, నేను గౌరీని," అంది ఆమె కూర్చున్న చోటి నుంచే. "మా వంటింట్లో కరెంటు పొయ్యి పెట్టేటప్పుడు ఆగ్నేయం మూలకే పెట్టమంటిరి గదా. అప్పుడు మంట యాడ కనపడె?"

ఫోన్లో దగ్గు వినబడింది. ఆరిఫ్ టేపు వెనక మొహం దాచుకున్నాడు.

"అమ్మా, కట్టెలదే అని పట్టుబడితే ఆగ్నేయానికి జరుపుకోండి. చెక్క గది గదా, ఇప్పి మళ్లీ బిగించుకోవచ్చు. ఏ దోషమూ ఉండదు. మీకు మేడ మీద ఆగ్నేయంలో ఏముండాది?"

బదరీనారాయణ ఫోన్ కట్ చేశాడు.

"సిగ్నల్ పోయింది," అన్నాడు.

మేడ మీద ఆగ్నేయంలో ఏముందో అందరికీ తెలుసు. బదరీనారాయణ పడుకునే గది ఉంది. రెండేళ్ల నుంచి ఆయన అక్కడే పడుకుంటున్నాడు. గౌరీ కింద పడుకుంటుంది. గొడవపడి విడిపోయింది కాదు. ఆయన తల్లి వనజమ్మ మంచాన పడ్డప్పుడు, గౌరీ అత్త పక్కన పడుకోవాల్సి వచ్చి ఆయన పైకి వెళ్లాడు. ఆవిడ పోయింది. ఆయన కిందికి రాలేదు. రమ్మని ఈమె అడగలేదు. అంతే జరిగింది.

"నేను నమాజుకు పోయొస్తా," అన్నాడు ఆరిఫ్ లేచి, ఇద్దరి మొహాలూ చూడకుండా. "అప్పటికి ఏదో ఒకటి చెప్పండి అత్తా."

*

వంటింట్లో కంచాలు పెడుతున్నంతసేపూ గౌరీకి పాత ఇల్లే గుర్తొచ్చింది.

జమ్మలమడుగు నుంచి కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ ఇంటి నిండా మనుషులు. బావలు, మరుదులు, వాళ్ల పిల్లలు, ఎప్పుడూ వచ్చిపోయే చుట్టాలు. మొగుడి మొహం పగలు సరిగా చూసింది లేదు. రాత్రి గదిలో గుసగుసగా మాట్లాడినా పక్కగదిలో దగ్గు వినబడేది. కానీ ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆదివారం తలంట్లకు ఏ మగవాడికైనా నీళ్లు అతని పెళ్లామే కాచాలి. పెరట్లో నీళ్ల పొయ్యి. దాని మీద మసిబారిన పెద్ద రాగి కాగు. మొగుడికి నీళ్లు కాచే కోడలిని ఎవరూ ఏ పనికీ పిలవరు.

వారానికి ఆ ఒక్క పూటే వాళ్లది.

బదరీనారాయణ ఒంటికి నూనె పట్టించుకుని, భుజాన తువ్వాలుతో తెల్లవారకముందే వచ్చేసేవాడు. పొయ్యి పక్కన రాయి మీద కూర్చునేవాడు. అంగట్లో ఎవరొచ్చారో, ఎవరేమన్నారో, సొంతంగా అంగడి పెడితే దానికేం పేరు పెట్టాలో, అన్నీ చెప్పేవాడు. ఎవరూ లేనప్పుడు తనను 'నువ్వు' అనమని బతిమాలేవాడు. ఆమె సిగ్గుపడుతూ అనేది. మంట బాగా అంటుకుంటే నీళ్లు తొందరగా కాగిపోతాయని, ఎండిన కట్టెల మధ్య ఒక పచ్చికట్టె దూర్చేవాడు. పొగ కమ్ముకునేది. ఇద్దరికీ కళ్లనీళ్లు, నవ్వు.

"ఏమ్మే గౌరీ, నీళ్లు కాగలేదా ఇంకా?" అని అత్త లోపలి నుంచి కేకేసేది.

"ఇంకా లేదత్తా!"

ఆ పొయ్యి ముందు కూర్చున్న పిల్లగాడంటే గౌరీకి ఇప్పటికీ ఇష్టం. ఆ ఇష్టం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియడం లేదు.

తరవాత అన్నదమ్ములు వేరుపడ్డారు. కొత్త ఇల్లు కట్టారు. గది గదికీ గీజరు. కూతురు గాయత్రి ఉద్యోగానికి బెంగుళూరు వెళ్లింది. అత్త పోయింది. ఇప్పుడు ఇల్లంతా వాళ్లిద్దరిదే. ఎంత గట్టిగా మాట్లాడినా వినేవాళ్లు లేరు. మాట్లాడటానికి ఏ అడ్డూ లేని ఈ ఇంట్లో మాటలు ఎలా అయిపోయాయో ఆమెకు అంతుపట్టలేదు. ఈ ఏడు పులివెందులలో కొత్త అంగడి తెరిచాక ఆయన వారంలో సగం రాత్రులు అక్కడే, అంగడి మీది గదిలో ఉండిపోతున్నాడు.

బదరీనారాయణ వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఆమె వడ్డించింది.

"పప్పు బాగుండాది," అన్నాడు కాసేపటికి.

"రాత్రిది."

ఫ్యాను లేని చలికాలం కాబట్టి ఆయన నమలడం కూడా వినబడింది.

"గౌరీ, మొండిపట్టు పట్టొద్దు. స్విచ్ ఏస్తే సాలు, బిన్నే వేడెక్కుతాది. నేను సగం దినాలు ఊర్లో ఉండను. నీ పాటికి నువ్వు ఏసుకోవచ్చు. ఎవురితోనూ పనుండదు."

"ఎవురితోనూ పనుండదు," అని ఆమె ఆ మాటే మళ్లీ అంది.

"మంచిదే గదా?"

"నాకు పనుండాల. కట్టెలదైతే వేడెక్కేదానికి గంట పడతాదన్నాడు ఆరిఫ్. అంతసేపూ ఒక మనిషి దాని ముందరే కూర్చొని కట్టెలు ఎగదొయ్యాలంట. నాకా గంట కావాల."

"ఓస్, ఇంతేనా. మనిషిని పెడతాలే."

గౌరీ చేతిలో గరిటె గిన్నెలో జారిపోయింది. ఆమెకు ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"ఏందే? ఏమంటిని?"

"మనిషిని పెడతారా నాకు? జీతానికా?" ఆమె కళ్లు తుడుచుకుంది. "పచ్చికట్టె దూరుస్తాంటిరి పొయ్యిలో. గుర్తుండాదా?"

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఉండాది," అన్నాడు.

"మరి ఇప్పుడేమాయె?"

గౌరీ ఊరుకుంది. ఇదివరకైతే ఈపాటికి ఆమే ఏదో ఒకటి అని, పెరుగు వెయ్యనా అనో, మజ్జిగ తేనా అనో, ఆయన్ని బయటపడేసేది. ఈసారి అలా చెయ్యదలుచుకోలేదు. కదలకుండా కూర్చుంది.

"అప్పుడు ఆ కాగు నీళ్లు కాగేలోపల సగం మాటలు కూడా అయ్యేవి కాదు," అన్నాడాయన కంచంలోకి చూస్తూ. "మళ్లీ ఆదివారం దాకా దాచిపెట్టుకుంటాంటి. ఇప్పుడు నీ పక్కన గంటసేపు కూర్చొని నేనేం మాట్లాడాల గౌరీ? అంగట్లో పొద్దస్తమానం మాట్లాడతా. ఇంటికొచ్చి నీ ముందర కూర్చుంటే నోరు రాదు. ఏందో గొంతుకు అడ్డం పడినట్లుంటాది. నాకు భయం."

"నా మీదనా?"

"నీ మీద కాదు. నాకాడ ఇంకేమీ లేదని నీకు తెలిసిపోతాదని. పులివెందులలో ఉంటే ఆ బాధ లేదు. నువ్వన్నా నేనేదో పనిలో ఉండాననుకుంటావు."

గౌరీ ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. పులివెందుల గురించి ఆమె ఏవేవో ఊహించుకుంది. చెప్పుకోవడానికి సిగ్గయ్యేవి కూడా ఊహించింది. ఇది మాత్రం అనుకోలేదు. ఈ మనిషి తన నుంచి దాక్కోవడానికి అంత దూరం పోతున్నాడా?

"నువ్వు మాట్లాడాలని ఎవురన్నారు?" అంది. 'నువ్వు' అన్నట్టు ఆమెకే తెలియలేదు. ఆయనకు తెలిసింది, చటుక్కున తలెత్తాడు. "కట్టెలు ఎగదోస్తా కూర్చో, సాలు."

"ఆగ్నేయం రూము ఖాళీ చెయ్యి," అంది గౌరీ. "సిద్ధాంతి చెప్పినాడు గదా. గదిని ఆడికి మార్పిస్తా. కట్టెల పొయ్యే పెట్టిస్తా."

"ఖాళీ చేసి? నేను యాడ పండుకోవాల?"

గౌరీ నోట్లో జవాబు సిద్ధంగానే ఉంది. కింద నా గదిలో అని రెండు ముక్కలు. కానీ పెళ్లయినప్పటి నుంచి ఆమె అడిగి తీసుకున్నది ఏదీ లేదు. ఇప్పుడు, ఈ వయసులో, ఇది అడగాలా? ఆ మాట ఆయన నోటి నుంచి రావాలని ఉంది.

"అది మీరే చెప్పాల," అంది చివరికి.

ఆయన చెయ్యి కడుక్కుని మెట్లెక్కి పైకి వెళ్లిపోయాడు.

*

పైన బీరువా తలుపులు చప్పుడయ్యాయి. ఏదో ఈడ్చిన చప్పుడు. తరవాత ఇంకేదో కింద పెట్టిన చప్పుడు. గౌరీ నడవలో స్తంభానికి ఆనుకుని వింటూ నిలబడింది. ఆరిఫ్ గోడకు తూట్లు కొట్టే మిషను చేతబట్టుకుని గేటు తీసుకుని లోపలికొచ్చాడు.

"ఏమత్తా, తెగిందా యవ్వారం?"

"ఆగప్పా రోంతసేపు."

బదరీనారాయణ మెట్లు దిగాడు. ఒక చేతిలో సూట్‌కేసు. చంకలో చుట్టిన పరుపు, మీద దిండు. ఆ పరుపు అడ్డమై దారి కనబడక ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగుతున్నాడు. మెట్ల కింద ఎడమ చేతి పక్కన గౌరీ గది. తలుపు తెరిచే ఉంది. ఎదురుగా వీధి వాకిలి.

ఆయన ఎడమ పక్కకు తిరగలేదు. గౌరీ ముందు నుంచే వాకిలి దాటి వెళ్లి, కారు డిక్కీ ఎత్తి పరుపు అందులో కుక్కాడు.

"రూము ఖాళీ చేసినా ఆరిఫ్," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "మీ అత్త చెప్పినట్లే చెయ్యి. చెక్క గది ఇప్పి ఆగ్నేయంలో బిగించు. కట్టెల పొయ్యికే చెప్పు బెంగుళూరుకు."

"అట్లనా! శానా మంచిది మామా. ముబారక్ అత్తా, నీ మాటే నెగ్గింది!"

నెగ్గింది. కట్టెల పొయ్యి వస్తుంది. పొగగొట్టం వస్తుంది. మూలన కట్టెలు పేర్చి ఉంటాయి. దాని ముందు ఒక పీట వేసుకుని, తానొక్కతే కూర్చుని, తానే కట్టెలు ఎగదోసుకుంటుంది. ఇందుకేనా ఇంత రచ్చ చేసింది? ఆయన డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. తలుపు వేశాడు. తాళం తిప్పలేదు.

ఆయన తాళం తిప్పకపోవడం ఆమె చూసింది.

చెప్పులు కూడా తొడుక్కోకుండా మెట్లు దిగింది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. అయినా ఆగకుండా కారు అవతలి పక్కకు వెళ్లి, తలుపు తీసుకుని ఆయన పక్క సీట్లో కూర్చుంది.

"యాడికి?" అన్నాడు బదరీనారాయణ కంగారుగా.

"పులివెందులకు. మీరు యాడ పండుకుంటాండారో చూద్దామని."

"ఆడ ఒక్కటే మంచం ఉండాది గౌరీ."

"ఉండనీ," అంది ఆమె ముందు అద్దంలోంచి బయటికి చూస్తూ. చెవులు వెచ్చబడ్డాయి.

కారు కదిలింది. "అత్తా, ఇంతకీ గది ఇప్పాల్నా వద్దా?" అని ఆరిఫ్ గేటు దాకా పరిగెత్తుకొచ్చి అరిచాడు.

ఊరి వీధులు దాటేదాకా ఇద్దరిలో ఎవరూ నోరు విప్పలేదు. గౌరీకి అది బాధ అనిపించలేదు. పక్కన ఆయన ఉన్నాడు. గేరు మార్చినప్పుడల్లా ఆయన మోచెయ్యి ఆమె చీరకు తగులుతోంది. గంటకు పైగా ప్రయాణం. అంతసేపూ ఆయన ఎక్కడికీ లేచిపోలేడు. ఆ ఆలోచనకు ఆమెకు కొంచెం నవ్వు కూడా వచ్చింది.

పులివెందులకు ఎర్రగుంట్ల మీదుగా పోతే దగ్గర. ఆయన వారం వారం పోయేది ఆ దారినే. ఊరి చివర కూడలిలో ఆయన కారు నెమ్మది చేశాడు. ఒక లారీని పోనిచ్చాడు. తరవాత స్టీరింగు జమ్మలమడుగు వైపు తిప్పాడు.

గౌరీ నవ్వు ఆగిపోయింది.

జమ్మలమడుగు మీదుగా కూడా పులివెందుల పోవచ్చు. కాకపోతే చుట్టు. ఆమె పక్కన ఇంకాస్త సేపు కూర్చోవాలనే ఈ చుట్టుదారి పట్టాడా? లేక ఇంకేమైనానా? జమ్మలమడుగులో ఆమె అన్న నాగేంద్ర ఇల్లుంది. మాట పట్టింపులొచ్చిన పెళ్లాన్ని పుట్టింట్లో దింపి, వదిన చేతి కాఫీ తాగి, నాలుగు రోజులు ఉండనీ బావా అని చెప్పి, మొగుడు తన దారిన తాను పోవడం ఈ పక్క కొత్తేమీ కాదు.

"ఇట్ల చుట్టు గదా?" అంది.

"చుట్టే," అన్నాడు బదరీనారాయణ.

ఇంకొక్క మాట అంటాడని ఆయన మొహంలోకి చూసింది. ఆయన రోడ్డునే చూస్తున్నాడు. దవడ బిగుసుకుని ఉంది. నన్ను పులివెందులకు తీసుకుపోతాండావా, మా అన్న ఇంట్లో దింపుతాండావా అని అడిగేస్తే తేలిపోతుంది. అడగబోయింది. గొంతుకు ఏదో అడ్డం పడింది. ఏ జవాబు వస్తుందోనని అడగలేకపోయింది.

అన్నం ముందు కూర్చుని ఆయన చెప్పిన భయం ఎలాంటిదో గౌరీకి అప్పుడు తెలిసింది.